సంపాదకుని మాట: లెక్కల గంటలో బతుకమ్మ

దసరా సెలవులు దగ్గర పడితే కోహెడ మండలంలో పిల్లల మనసు తరగతి గదిలో నిలవదు. తంగేడు పూసిన చెలకల వెంట తిరుగుతుంది. దాన్ని లెక్కల గంటకు రప్పించాలంటే పండుగతోనే పజిల్ వేయాలి.

అమ్మ, అక్క, చిన్నమ్మ తలా ఒక రకం పూలు తెచ్చారు: తంగేడు, గునుగు, బంతి. అమ్మ తెచ్చింది తంగేడు కాదు. చిన్నమ్మ తెచ్చింది తంగేడూ కాదు, గునుగూ కాదు. మరి ఎవరివి ఏ పూలు? ఇందులో కూడికల్లేవు, ఎక్కాల్లేవు. గళ్లు గీసి, కానివి కొట్టేస్తూ పోతే చిన్నమ్మకు బంతి, అమ్మకు గునుగు, అక్కకు తంగేడు మిగులుతాయి. 'ఎందుకు కాదు?' అన్నదానికి కారణం చెప్పగలిగిన పిల్ల, పై తరగతుల్లో సిద్ధాంతాల నిరూపణకు భయపడదు.

లెక్కను ఇంపుగా చెప్పడం మనకు కొత్త కాదు. 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

టీచర్లకు ఒక మనవి: రంజాన్‌కు, క్రిస్మస్‌కు కూడా ఇలాంటివి అల్లండి, పిల్లల చేతా అల్లించండి.

పాఠకులకూ ఒకటి. తొమ్మిదోనాటి సద్దుల బతుకమ్మ శుక్రవారమైతే, ఆరోనాటి అలిగిన బతుకమ్మ ఏ వారం? తొందరపడి బుధవారం అనకండి.