ఇల్లాలికి న్యాయపరిచయము: గొలుసు పోయిన యింట

కోర్టులు, ఠాణాలు, వకీళ్ల మాటలు మగవారి వ్యవహారమని తలంచి, వానిని వాకిటి యవతలనే యుంచుట మన కుటుంబములలో చిరకాలపు అలవాటు. నేరము మాత్రము అంతటి మర్యాద పాటింపదు. అది యొకనాడు చెప్పక చేయక పడకగదిలోని బీరువా వఱకు వచ్చును. కావున ఈ నెల మేము ఘోరహత్యల జోలికి గాని, పత్రికలలో మారుమ్రోగు కేసుల జోలికి గాని పోవుట లేదు. సామాన్యమైన యొక యింట నొక బంగారు గొలుసు పోయినదనుకొందము. ఆ గొలుసు వెంట న్యాయస్థానము వఱకు నడచి చూతము.

గొలుసు కనబడని తొలి గడియలో ఇంట నేమి జరుగునో సోదరీమణుల కందఱికిని ఎఱుకయే. దిండ్లు దులుపుదురు, డబ్బాలు బోర్లించుదురు, పిల్లలను గద్దించుదురు. అర్ధగంట గడచునప్పటికి ఎవరో యొకరు పనిమనిషి పేరెత్తుదురు. ఆమె నిన్న ముభావముగా నుండెననియు, మొన్న జీతము ముందుగా నడిగెననియు, జ్ఞాపకము లొకదాని వెంట నొకటి వచ్చును. ఆ వారమే చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిన మేనల్లుని పేరు గాని, ఫ్యాను బాగుచేయ వచ్చినవాని పేరు గాని యెవరికిని తట్టదు. నేరవిచారణ శాస్త్రములో సగభాగము, మా యభిప్రాయమున, ఈ అర్ధగంటకు విరుగుడుగా పుట్టినదే.

మొదట నేరమన నేమి? పొరుగామె చేబదులు తీసికొని తీర్చలేకపోయిన, సామాన్యముగా నది సివిలు తగవు. ఇద్దఱి నడుమ నున్న బాకీ. మన కబ్జములో నున్న వస్తువును మన సమ్మతి లేకుండ దుర్బుద్ధితో తరలించిన, నది దొంగతనము. నమ్మి దాచుమని యిచ్చిన వస్తువును కాజేసిన, నది నేరపూరిత విశ్వాసఘాతుకము. ఈ మూడవది స్త్రీలు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. అత్తవారి యొద్ద నుంచిన స్త్రీధనమునకు భార్యయే సంపూర్ణ యజమానురాలనియు, అడిగినను ఇయ్యక దుర్బుద్ధితో దానిని తమదిగా చేసికొన్నవారిపై ఈ నేరము మోపవచ్చుననియు సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తీర్పు చెప్పినది. సివిలు దావాలో వాదించువాడు నష్టపోయిన మనిషి. నేరములో వాది ప్రభుత్వము. ఏలయన నేరము సంఘమునకంతకును జరిగిన అపకారమని చట్టము భావించును. అందుచేతనే మన గొలుసు కేసులో వాదించుటకు మనము ప్లీడరును పెట్టుకొని తీరవలసిన పని లేదు. ప్రభుత్వ ప్రాసిక్యూటరే నడపును.

ఇక చట్టముల పేర్లు. 1862 జనవరి 1 నుండి అమలులో నుండిన భారత శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చినది. విచారణ విధానమునకు భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యమునకు భారతీయ సాక్ష్య అధినియమము అదే దినమున అమలునకు వచ్చినవి. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు శిక్ష పాత స్మృతి ననుసరించియే. సెక్షన్ల అంకెలు మాఱినవి గాని, మేము చెప్పబోవు సంగతులలో పెక్కు పాతవే.

ఇంటివారు ఠాణాకు పోయిరి. ఫిర్యాదు నోటితో చెప్పినను చాలును. అధికారి దానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ఇదియే ఎఫ్.ఐ.ఆర్., అనగా ప్రథమ సమాచార నివేదిక. దాని నకలు రుసుము లేకుండ ఇయ్యవలెను, అడిగి తెచ్చుకొనవలెను. నేరము తమ సరిహద్దులో జరుగలేదను మిషతో త్రిప్పి పంపుటకు వీలు లేదు. ఏ ఠాణాలోనైనను వ్రాసికొని తగిన ఠాణాకు పంపవలెను. పోలీసులు తామే దర్యాప్తు చేయదగిన నేరము తెలియవచ్చినప్పుడు నివేదిక నమోదు చేయుట విధి యని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2013లో లలితా కుమారి కేసులో స్పష్టముగా చెప్పినది. అప్పటికిని నిరాకరించిన, జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో వ్రాయవచ్చును. అదియు ఫలింపనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. బజారులో పోయిన 5,000 రూపాయలకు తక్కువ వెలగల వస్తువు విషయములో మాత్రము మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. ఇంటిలోపలి దొంగతనమున కీ పరిమితి లేదు.

ఆ నివేదికలో ఏమి వ్రాయించుదుము? ఇచ్చట గృహిణి చేతిలో నున్న అధికారము సామాన్యమైనది కాదు. "సోమవారము ప్రొద్దున గొలుసు తీసి బీరువాలో పెట్టితిని, గురువారము చూడగా లేదు, ఈ నడుమ ఇంటికి వచ్చినవారు వీరు" అని చెప్పుట యొకటి. "మా పనిమనిషి తీసినది" అని చెప్పుట మఱియొకటి. మొదటిది మనము చూచినది, రెండవది మనము తలంచినది. అనుమానమున్న దాచనక్కఱలేదు, అనుమానమని చెప్పి, కారణము చెప్పి, వచ్చిపోయినవారి పేర్లన్నియు, మేనల్లుని పేరుతో సహా, చెప్పవలెను. నిజముగా నమ్మి పొరపడినవారిని చట్టము శిక్షింపదు. అబద్ధమని యెఱిగియు నొకరిని బాధించుటకై సమాచార మిచ్చుట మాత్రము నేరము.

పోలీసులు పనిమనిషి నడుగవలెనందురు. సాక్షిగా ప్రశ్నించుటకైనచో, స్త్రీని ఆమె నివసించు చోటు విడిచి రమ్మని నిర్బంధింపరాదు. అధికారియే అచ్చటికి పోవలెను. ఇది ఇల్లాలికిని వర్తించును, పనిమనిషికిని వర్తించును. పోలీసులు వ్రాసికొను సాక్షి వాఙ్మూలముపై సంతకము చేయనక్కఱలేదు, సంతకము ఫిర్యాదుకే. ఏడేండ్ల వఱకు శిక్షగల నేరములలో, నౌకరు చేసిన దొంగతనము అట్టిదే, అరెస్టు దానంతట నదియే జరుగవలసినది కాదు. అవసరమేమో వ్రాతపూర్వకముగా చూపవలెను, లేనిచో హాజరు కమ్మని నోటీసు ఇయ్యవలెను. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా నొక్కి చెప్పినది. సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ, అసాధారణ పరిస్థితులలో స్త్రీ పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొందిననే తప్ప, స్త్రీని అరెస్టు చేయరాదు. అరెస్టయిన వారిని ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. వకీలునకు సొమ్ము లేకపోయినను చింత లేదు. 1987నాటి న్యాయసేవల చట్టము క్రింద, ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయమునకు హక్కు కలదు. పనిమనిషికీ మాట చెప్పువారెవరు? చదువుకొన్న యిల్లాలు చెప్పకున్న ఇంకెవరు చెప్పుదురో మాకు తోచుట లేదు.

"నాలుగు తగిలించిన నిజము కక్కును" అను మాట మంచి యిండ్లలోను వినబడుచుండును. దెబ్బల చేత రాబట్టిన మాట సాక్ష్యముగా నిలువదు. పోలీసుల యెదుట చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై ఋజువుగా వాడరాదు. ఆ మాట ననుసరించి వస్తువు దొరికినచో, ఆ దొరకుటకు సంబంధించిన భాగము మాత్రమే చెల్లును. నేరము ఒప్పించుటకో, సొత్తు రాబట్టుటకో కొట్టుట, కొట్టినది పోలీసైనను ఇంటి యజమానియైనను, ఏడేండ్ల వఱకు ఖైదుగల నేరము. గదిలో పెట్టి గడియ వేయుటయు నేరమే. గొలుసు పోగొట్టుకొన్న యింటివారు ముద్దాయిలగుట కంతకంటె దగ్గఱి దారి లేదు.

దర్యాప్తు సాగుచుండగా 90 దినములలోపల దాని స్థితిని ఫిర్యాదికి తెలుపవలెనని క్రొత్త విధానము చెప్పుచున్నది. ఋజువులు దొరికిన అభియోగపత్రము మేజిస్ట్రేటు కోర్టునకు పోవును. (దొంగ మేనల్లుడే యై, వానికి 18 ఏండ్లు నిండనిచో, వాని విచారణ బాలల న్యాయమండలిలో జరుగును, అప్పుడు మనవారందఱును దయయొక్క గొప్పతనమును గూర్చి మాటలాడుదురు.) కోర్టునుండి సమను వచ్చినప్పుడు సాక్ష్యమిచ్చుటకు భయపడనక్కఱలేదు. "తెలియదు", "జ్ఞాపకము లేదు" అనునవియు జవాబులే. అవి నిజమైనచో నంతకంటె మంచి జవాబు లేదు. ఎదుటి వకీలు గ్రుచ్చి గ్రుచ్చి అడుగుట మనల నవమానించుటకు కాదు. ముద్దాయి తన నిర్దోషిత్వమును ఋజువు చేసికొనవలసిన పని లేదు. సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ నేరమును ప్రభుత్వమే ఋజువు చేయవలెను. సందేహము మిగిలిన ముద్దాయిని విడిచిపెట్టుదురు. విడిచిపెట్టినంత మాత్రమున ఫిర్యాది అబద్ధమాడినదని యర్థము కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకని యడుగువారికి ఒక లెక్క చెప్పెదము. 2022 చివర మన దేశపు చెఱసాలలలో నున్నవారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే. నేరము ఋజువు కాకమునుపే వారు చెఱలో దినములు లెక్కించుచుండిరి. పనిమనిషి నెలదినములు రిమాండులో నున్న ఆమె పిల్లల కెవరు వండిపెట్టుదురో ఎఫ్.ఐ.ఆర్.లో వ్రాయుటకు గడి లేదు.

చివరగా గొలుసు సంగతి. దొరికిన సొత్తు కేసు తీరువఱకు ఠాణాలో మూలుగవలెనని పలువురు తలంచి ఆశ వదలుకొందురు. అట్లు కాదు. మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకొనిన, సొత్తుకు ఫోటోలు తీయించి, పంచనామా వ్రాయించి, జామీను పత్రముపై యజమానికి అప్పగింపవచ్చునని 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించినది. గొలుసు మనదని చూపుటకు కొన్ననాటి రసీదు, తూకము, మెడలో వేసికొన్న ఫోటో మిక్కిలి సహాయపడును. ఆ రసీదును బీరువాలో గొలుసు ప్రక్కనే పెట్టకుండుట మేలు.