ఒక్క మార్కు పావగడ

దేశంలోని అతి పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటైన ‘శక్తి స్థల’ ఏ తాలూకాలో ఉంది? జవాబు: పావగడ. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ ఊరికి దక్కిన చోటు అంతే. పుస్తకం కాస్త లావుగా ఉంటే ఇంకో ప్రశ్న కనిపిస్తుంది: మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న కర్ణాటక తాలూకా ఏది? దానికీ అదే జవాబు. ఇంకో మార్కు.

పోయిన నెలలో పావగడలో బడి పిల్లలకు జీకే పోటీ పెట్టి, ప్రశ్నలు అడగడానికి నన్ను పిలిచారు. పిల్లలు చురుకైనవాళ్ళు. దేశాల రాజధానులు, నోబెల్ విజేతలు, మొఘల్ చక్రవర్తుల వరుస ప్రశ్న పూర్తికాకముందే చెప్పేశారు. బహుమతులు ఇవ్వడం అయిపోయి కుర్చీలు సర్దుతున్నప్పుడు, ఏ బహుమతీ రాని ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి నా దగ్గరికొచ్చింది. “సార్, సోలారు మా ఊరి దగ్గరే ఉంది. ఎండలోంచి కరెంటు ఎట్లొస్తుంది సార్?” ఆరోజు ఆ హాలులో పుట్టిన ప్రశ్న అదొక్కటే. మిగతావన్నీ నేను పుస్తకం చూసి తెచ్చినవి. బస్సు టైమైపోతోందని రెండు ముక్కలు చెప్పి వచ్చేశాను. అది నన్ను వదలడం లేదు. అందుకే ఈ వారం శీర్షిక ఆ పిల్ల ప్రశ్నకు, దాని వెనకాలే నాలో లేచిన ప్రశ్నలకు.

అమ్మా, ఎండ అంటే రెండు కలిసి వస్తాయి, వెలుగూ వేడీ. కరెంటు ఇచ్చేది వెలుగు. పెన్నేటి ఇసుకలో ఉండే సిలికాన్‌నే శుద్ధి చేసి, పలకలుగా కోసి, ఒక్కో పలకలో రెండు రకాల పొరలు తయారుచేస్తారు. వెలుగు దానిమీద పడితే అందులోని ఎలక్ట్రాన్లు తమ చోటు నుంచి ఊడి వస్తాయి. రెండు పొరలు కలిసే చోట ఉండే విద్యుత్ క్షేత్రం వాటిని ఒకే దిక్కుకు తోస్తుంది. ఆ నడకే కరెంటు. అది ఒకే దిక్కుకు నడిచే డీసీ. ఇన్వర్టర్ దాన్ని ఇళ్లలో వాడే ఏసీగా మార్చి లైన్లకు ఎక్కిస్తుంది. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువని మనం అనుకుంటాం గానీ అది సగమే నిజం. పలక వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి దాని శక్తి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. మంచి వెలుగు ఉండి, ఎడారంత వేడి లేని పీఠభూమి అందుకే సోలారుకు అనువైన చోటు.

వెలుగుకూ విద్యుత్తుకూ ఉన్న ఈ బంధాన్ని మొదట చూసినవాడు ఎడ్మండ్ బెక్వెరెల్ అనే ఫ్రాన్స్ కుర్రవాడు. అది 1839, అతనికి 19 ఏళ్ళు. వెలుగు తగిలితే ఎలక్ట్రాన్ ఎందుకు ఊడివస్తుందో 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. పిల్లలు కంఠస్థం చేసే ఆయన నోబెల్ బహుమతి (1921) సాపేక్ష సిద్ధాంతానికి కాదు, ప్రధానంగా ఈ పనికే వచ్చింది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ పలకతో పనికొచ్చే సోలార్ సెల్ చేసి చూపించారు. పడిన వెలుగులో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చిందది. ఇప్పుడు పావగడ తాలూకా తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో అవే పలకలు 2,050 మెగావాట్ల సామర్థ్యంతో నిలబడి ఉన్నాయి. 2018 మార్చిలో తొలి దశ మొదలైతే, 2019 చివరికి మొత్తం పూర్తయింది. పారిస్ కుర్రవాడి గమనికకూ తిరుమణి చేలకూ మధ్య 180 ఏళ్ల దారి. ఐన్‌స్టీన్ పేరు చెప్పిన పిల్లవాడికి ఆ దారి చివర తన ఊరే ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ 13,000 ఎకరాలూ ప్రభుత్వం కొన్నవి కావు. రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్తకు తీసుకున్నవి. రెండేళ్లకోసారి గుత్త 5 శాతం పెరగాలన్నది ఒప్పందం. వానలు రాక సెనక్కాయల పంట ఎండిపోయే నేలలో, ఏడాది తిరిగేసరికి చేతికొచ్చే ఆ డబ్బు చిన్నది కాదు. భూమి అమ్ముకోకుండా పట్టా తన పేరునే ఉంచుకోవడం ఇంకా మేలు. మంచి పద్ధతి అని నేను మనస్ఫూర్తిగా అంటాను. అయితే గుత్త వచ్చేది పట్టా ఉన్నవాళ్లకే. ఆ చేలల్లో కలుపు తీసి, కాయలు పెరికి బతికిన కూలీకి, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాడికి ఆ లెక్కలో చోటు లేదు. ఇది కూడా జనరల్ నాలెడ్జే. మెగావాట్లు ఎన్ని అని అడిగే పుస్తకం, మేత ఎక్కడికి పోయిందని కూడా అడగాలి.

పార్కు ఉన్న ఐదు ఊళ్ల పేర్లు ఒకసారి పైకి చదవండి: తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు. తెలుగు చెవికి ‘చెర్లు’ అంటే చెరువులే. ‘సముద్రం’ అన్నా పెద్ద చెరువే, బుక్కరాయసముద్రం లాగా. దేశమంతా ఎండకు పేరు చెప్పుకునే ఈ ఐదు ఊళ్లలో మూడింటి పేర్లలో నీళ్లున్నాయి. పడమటి కనుమలు నైరుతి మబ్బులను ఆపేస్తే, బంగాళాఖాతం దూరమై ఈశాన్య వానలు చాలకపోతే, మధ్యలో చిక్కిన నేల ఇది. ఇక్కడి పాతకాలం వాళ్లు పడిన ప్రతి చుక్కకూ కట్ట వేసి, ఆ కట్ట పేరే ఊరికి పెట్టుకున్నారు. ఆ పేర్లను ఒక్క పిల్లవాడి చేతా విప్పి చదివించని చదువు నాకు చాలా వెలితిగా కనిపిస్తుంది.

చెరువులు ఎండాక బోర్లు వచ్చాయి. రెండించుల నీళ్లు పడ్డాయా, ఒకటిన్నరేనా అని మాట్లాడుకునే రోజులు పోయి, ఎన్ని వందల అడుగులు పోయినా దుమ్మే లేస్తోందన్న మాట మిగిలింది. లోతుకు పోయేకొద్దీ ఇంకో ప్రమాదం. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి అది ఫ్లోరైడ్‌గా కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు గార పడుతుంది. ఇంకా ఎక్కువైన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముకలే బిగుసుకుపోతాయి. పావగడ పల్లెల్లో నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే పడుచుపిల్లలను నేను చూశాను. నలభై ఏళ్లకే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాళ్లనూ చూశాను.

గార పళ్లకు కారణం కనిపెట్టిన కథ ఏ పరిశోధక నవలకూ తీసిపోదు. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి పోయి, అక్కడి జనం పళ్ల మీది గోధుమరంగు మరకలు చూసి ఆశ్చర్యపడ్డాడు. ముప్పై ఏళ్లు వెంటబడ్డాడు. చివరకు 1931లో ఒక అల్యూమినియం కంపెనీ ప్రయోగశాలలో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి ఫ్లోరైడ్ దోషమని తేల్చాడు. ఆ తరవాత ఆరేళ్లకు, 1937లో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మద్రాసు రాష్ట్రంలో ఇదే నీళ్లు ఎముకలనూ కూల్చేస్తున్నాయని ప్రపంచానికి చెప్పారు. వాళ్లు పరీక్షించిన రోగులు మన నెల్లూరు జిల్లా పల్లెల వాళ్లు. తాగునీటితో వచ్చే ఫ్లోరైడ్ ఎముకల జబ్బు మీద వైద్యశాస్త్రంలో తొలి పుటల్లో కొన్ని రాయించినవి తెలుగు పల్లెజనం ఒళ్లు. దాదాపు తొంభై ఏళ్లయింది. తుంగభద్ర వెనుక నీటిని పైపుల్లో పావగడకు తెచ్చే పథకం వచ్చింది, మంచిదే. కానీ బోరు నీటికీ వీధిలో ఫిల్టరు క్యాను నీటికీ తేడా ఏమిటో, మామూలు గుడ్డ వడపోతతో ఫ్లోరైడ్ ఎందుకు పోదో ఎనిమిదో తరగతి పిల్లకు తెలియాలి. ఇది పరీక్షలో రాకపోవచ్చు. ఆమె ఎముకల్లోకి వస్తుంది.

ఇక ఊరి పేరు సంగతి. పావగడ అంటే పాము కొండ అని పాత గెజెటీర్లు రాశాయి. ఈనాటి కన్నడంలో పామును ‘హావు’ అంటారు. పాత కన్నడంలో అది ‘పావు’. వెయ్యేళ్ల కిందటి నుంచి మెల్లమెల్లగా కన్నడంలో మాట మొదటి ‘ప’ కాస్తా ‘హ’ అయింది. తెలుగులో పాలు, అక్కడ హాలు. మనకు పులి, వాళ్లకు హులి. మన పల్లి వాళ్ల హళ్లి. ఊరి పేరు మాత్రం ఆ మార్పుకు లొంగకుండా పాత ‘పావు’ను పట్టుకుని కూర్చుంది. రోజూ బస్సు బోర్డు మీద చూసే మాటలో వెయ్యేళ్ల భాషా చరిత్ర ఉంది. అక్కడికి దగ్గర్లోనే పెన్నేటి ఒడ్డున నాగలమడికె. నాగప్ప విగ్రహం దున్నేటప్పుడు మడకకు తగిలి బయటపడిందని ఊళ్లో చెప్పుకునే కథ. రాయలసీమ వాడికి మడక అంటే నాగలి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. కోస్తా పాఠ్యపుస్తకంలో ఆ మాట దొరకదు.

పుస్తకాలు చేసిన పెద్ద నష్టం నాకు నిడుగల్లు కొండ మీద కనిపిస్తుంది. ఆ దుర్గం పావగడ తాలూకాలోది. 12, 13 శతాబ్దాల్లో అక్కడినుంచి ఏలినవాళ్లు నిడుగల్లు చోళులు. ఇరుంగోళుడనే పేరు వాళ్లలో మళ్లీ మళ్లీ వస్తుంది. తాము కరికాలచోళుని వంశమని చెప్పుకున్నారు. 575 ప్రాంతంలో కడప జిల్లా కలమళ్లలో తొలి తెలుగు శాసనం వేయించిన రేనాటి చోళులదీ అదే మాట. అంటే తెలుగు రాతకు తొలి రాయి నిలిపినవాళ్ల జ్ఞాతులమని చెప్పుకున్నవాళ్లు ఇక్కడ కన్నడంలో శాసనాలు వేయించారు. బెంగళూరులో పుట్టిన బి.ఎల్. రైస్ వాటిని సేకరించి 1904లో తుమకూరు జిల్లా సంపుటంలో అచ్చువేశాడు. ఈ చోళులకు ముఖ్యపట్టణం హెంజేరు. అదే నేటి హేమావతి. అంతకుముందు అది నొలంబ పల్లవుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. నొలంబుల నల్లరాతి స్తంభాలు తంజావూరు చోళులకు ఎంత నచ్చాయంటే, ఇక్కడి నుంచి మోయించుకుపోయి తిరువైయ్యారు గుడిలో నిలబెట్టుకున్నారు. మరికొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరితే, 1964లో సి. శివరామమూర్తి వాటిమీద ఒక పుస్తకమే రాశారు.

నిడుగల్లు కర్ణాటక. హేమావతి ఆంధ్ర, మడకశిర వైపు. ఒకే రాజ్యపు కొండా, పట్నమూ. మైసూరు యుద్ధాల తరవాత నిజాం వాటాకు వెళ్లి 1800లో కంపెనీకి దత్తమైన భూముల్లో మడకశిర పడింది. పావగడ మైసూరులో ఉండిపోయింది. ఆ గీత 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన దాటి ఈనాటికీ ఉంది. గీత మీద నాకు ఫిర్యాదు లేదు. తుమకూరు బస్సు ఆంధ్ర నేల దాటే పోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పాఠాలకు. కన్నడ పుస్తకం చదివే పిల్లకు హేమావతి పక్క రాష్ట్రం. తెలుగు పుస్తకం చదివే మడకశిర పిల్లవాడికి నిడుగల్లు పక్క రాష్ట్రం. సగం కథ ఇక్కడ, సగం అక్కడ. ఎవరికీ మొత్తం అందదు.

గీత దాటి బతికినవాళ్ల జీవితాలూ అంతే. కళ్యాణదుర్గం వైపు రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. వేమనను పండితులు పట్టించుకోని రోజుల్లో ఆయన మీద ఉపన్యాసాలిచ్చారు. ఆపైన తిరుపతి వెళ్లి అన్నమయ్య పాటలకు రాగాలు కట్టి స్వరపరిచారు. ఈరోజు మనం పాడుకునే అన్నమయ్య వెనక ఈ ఎండ నేల మనిషి చెవి ఉంది. ఇటు గౌరీబిదనూరు తాలూకా హొసూరులో 1920లో ఒక పేద ఇంట పుట్టిన హెచ్. నరసింహయ్య, చార్జీకి డబ్బుల్లేక బెంగళూరుకు నడిచిపోయి చదువుకున్నారు. అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చినా హాస్టల్ గదిలోనే బతికారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టి, విజ్ఞానాన్ని మామూలు జనం ముందుకు తెచ్చారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండి, మహిమలను శాస్త్రీయంగా పరీక్షించడానికి 1976లో ఒక కమిటీ వేశారు. ప్రశ్న అడగడం మర్యాదే అని ఈ ప్రాంతపు పిల్లలకు నేర్పడానికి ఆయన్ని మించిన పాఠం నాకు తోచదు.

అందుకే నా కోరిక ఒకటి. పావగడ, మడకశిర తాలూకాల ఉపాధ్యాయులు కూర్చుని, రెండు లిపుల్లో, రెండు తాలూకాలకూ కలిపి ఒక చిన్న పుస్తకం చెయ్యాలి. అందులో ఒక్క మాట జవాబుతో అయిపోయే ప్రశ్న ఉండకూడదు. ప్రతి ప్రశ్నకూ పిల్లలు ఎక్కడికైనా నడిచిపోవాలి. అవ్వనో, బోరు మెకానిక్‌నో, గుడి పూజారినో, గొర్రెలు కాసేవాణ్నో అడిగి రావాలి. రాయడానికి నా వంతు చెయ్యి సిద్ధంగా ఉంది.

ఆ పిల్లకు ఎండ, కరెంటు సంగతితో పాటు ఊళ్ల పేర్ల సంగతీ ఉత్తరం రాసి, బడి మాస్టారు ద్వారా పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. అర్థమైందట. కింద ఇంకో ప్రశ్న ఉంది: “మా ఊరి పేరులో చెర్లు అంటే చెరువులని రాసినారు గదా సార్. ఎన్ని చెరువులు? యాడుండేవి?” మాస్టారిని పాత గ్రామపటం సంపాదించమన్నాను. వచ్చే శనివారం పొద్దున్నే బస్సుకు పోతున్నాను.