ఎదురుచూపులోనూ శాంతి ఉంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ రీడింగ్ రూముల్లో కూర్చునే యువతకు ఎదురుచూడటం ఎంత కష్టమో కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022లో నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-1లో ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్. చదివింది మరచిపోకుండా, ఇంట్లోవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటూ నెట్టుకొచ్చిన వాళ్లెందరో!

క్రైస్తవులకు ఎదురుచూపు కూడా ఆరాధనే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే ఆగమన కాలం ఉన్నది అందుకే. 1976లో ఏర్పడిన నల్లగొండ కథోలిక మేత్రాసనంలో ఈ రోజుల్లో గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. నాలుగూ ఒకేసారి వెలిగించరు. వెలుగు కొంచెం కొంచెంగానే పెరుగుతుంది.

మనమేమో డిసెంబర్ రాగానే సెమీ క్రిస్మస్, డీజే, కేకులు అంటూ నేరుగా పండగలోకి దూకేస్తున్నాం. వేడుక తప్పని కాదు. మౌనానికి చోటే లేకపోతే మనసుకు శాంతి ఎక్కడిది?

విశ్వాసం ర్యాంకుకు గ్యారంటీ ఇవ్వదు. ఫలితం ఎలా ఉన్నా దేవుడి ముందు మీ విలువ తగ్గదన్న ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యం ఉంటే పుస్తకం భయం లేకుండా తెరవగలం.

ఈ నాలుగు వారాలు పొద్దున్నే పావుగంట ఫోన్ పక్కన పెట్టండి. ఒక కీర్తన చదివి ప్రార్థించండి. వారానికోసారి తోటి అభ్యర్థితో నోట్సో, భోజనమో పంచుకోండి. దిగులు అప్పటికీ తగ్గకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. సాయం అడిగినంత మాత్రాన విశ్వాసం తగ్గినట్టు కాదు.

ఫలితాల తేదీ కమిషన్ చేతిలో ఉంది. అప్పటిదాకా ఎలా బతకాలన్నది మన చేతిలోనే ఉంది.