మంద తిరిగొస్తే సరిపోదు

ఖతర్ ఎయిర్‌వేస్ విమానం తోక మీది కొమ్ముల జంతువును గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లంతా చూసే ఉంటారు. అది అరేబియన్ ఓరిక్స్. వేటగాళ్ల తూటాలకు 1972లో ఎడారిలో ఆఖరి మందా కూలింది. అయితే 1962లోనే కొన్నింటిని పట్టి, అమెరికాలోని ఫీనిక్స్ జూలో పెంచడం మొదలుపెట్టారు. అలా బోనుల్లో పెరిగిన వాటి సంతతే 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ అడుగుపెట్టింది. కథ అక్కడితో సుఖాంతం కాలేదు. వేట మళ్లీ మొదలైంది. చమురు కోసం వాటి అభయారణ్యాన్ని 90 శాతం కుదించారు. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది.

విశాఖకు ఇది దూరపు కబురు కాదు. మన జూ అంతరించిపోతున్న రేచుకుక్కల సంతతిని పెంచుతోంది. రేపు వాటిని వదలాలంటే అడవి మిగలాలి కదా! నగరం పక్కనున్న కంబాలకొండ అడవి అంచులను ముందు కాపాడుకోవాలి. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకదీ ఇదే పాఠం. రోళ్లపాడు అభయారణ్యంలో రక్షణ దొరికి మందలు పెరిగాయి, పొలాల మీద పడ్డాయి. పంట నష్టానికి పరిహారం వెంటనే అందితేనే రైతు జింకను ఓర్చుకుంటాడు. పచ్చికబయళ్లను బంజరు పేరిట పంచిపెట్టడం ఆపితేనే జింక పొలం జోలికి రాకుండా ఉంటుంది. జంతువుకు జూ పునర్జన్మ ఇవ్వగలదు. బతుకునివ్వాల్సింది మాత్రం నేలే.