ఆయనకి ఉద్యోగం, నాకు వీసా

"ఏడాదిపాటు అమెరికాలో కూర్చుని తిని, ఊళ్లు తిరిగొచ్చావు. పెట్టిపుట్టావమ్మా!" తిరిగొచ్చిన కొత్తలో మా వీధిలో ఈ మాట అననివాళ్లు లేరు. తిరిగిన మాట నిజమే. చికాగో చూశాం, అరోరాలో బాలాజీ దర్శనం చేసుకున్నాం, నయాగరా ముందు తడుస్తూ ఫొటోలు దిగాం. ఆ 'కూర్చుని తినడం' అనే మాటే నాకు గుచ్చుకునేది.

2018లో మావారికి విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని విశ్వవిద్యాలయంలో ఏడాదిపాటు పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. వెల్చేరు నారాయణరావుగారు 1971 నుంచి ఎన్నో ఏళ్లు తెలుగు బోధించిన చోటది. నేనప్పటికి ఏడేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. రాజీనామా ఇచ్చేశాను. "ఏడాదేగా!" అన్నారందరూ. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

ఊళ్లో మెండోటా, మొనోనా అని పెద్ద సరస్సులున్నాయి. చలికాలంలో అవి గడ్డకడితే జనం వాటిమీదే నడుస్తారు, మంచుకి కన్నం పెట్టి చేపలు పడతారు. మెండోటా ఏ రోజు గడ్డకట్టిందో, ఏ రోజు కరిగిందో 1850ల నుంచీ రాసిపెట్టుకుంటున్నారట! కిటికీలోంచి ఆ తెల్లదనం చూస్తూ నేనూ రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. 2019 జనవరి చివర చలి మైనస్ 30 డిగ్రీలు దాటితే క్లాసులు ఆపేశారు. మావారు ఇంట్లో ఉండిపోయి "ఏం తోచట్లేదోయ్" అన్నారు. రెండ్రోజులకే!

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే ఆయన్ని సబ్జెక్టు గురించి అడిగేవారు. నన్ను "మీరేం చేస్తుంటారు?" అంటే నేను నోరు తెరిచేలోగా మావారే "ఇంట్లోనే ఉంటుంది" అనేవారు. అబద్ధం కాదు కదా మరి!

ఏప్రిల్‌లో శాసనసభ భవనం చుట్టూ శనివారం సంత మొదలైంది. మనకి రైతుబజార్లు 1999లో వచ్చాయి గాని, అక్కడ పండించినవాళ్లే తెచ్చి అమ్ముకునే ఆ సంత 1972 నుంచీ ఉంది. అక్కడే ఒక కొరియా ఆవిడ పరిచయమైంది. వాళ్లాయనా మావారిలాగే ఏడాదికి వచ్చినాయనే. ఆవిడ మాత్రం పసిపిల్లల్ని చూసే కేంద్రంలో పనిచేస్తోంది. "మనకి పర్మిషన్ ఇస్తారుగా, నువ్వు తీసుకోలేదా?" అంది.

మావారిది జె-1 వీసా, నాది జె-2. జె-2 మీద వెళ్లిన భార్య దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకుంటే ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ సంపాదన భర్తని పోషించడానికి కాకూడదని షరతు. కాలేజీలో చేరి చదువుకోవచ్చు కూడా. ఇదంతా నాకు తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. అనుమతి రావడానికే నెలలు పడుతుంది. ఇక పెట్టి ఏం లాభం?

ఇంటికొచ్చి అడిగితే మావారు "వాళ్లు పంపిన మెయిల్లో ఉన్నట్టుంది. నీకెందుకులే అనుకున్నాను" అన్నారు. అడిగితే కాదనే మనిషి కాదు. చెప్పాలని తోచలేదు, అంతే. నా కోపం ఆ తోచకపోవడం మీదే. నా తప్పూ ఉంది. మందు సీసా మీద చీటీ కూడా చదివే నేను, నా వీసా సంగతి ఆయనకే వదిలేశాను.

అన్ని వీసాలూ ఒకటి కాదు. హెచ్-1బి మీద వెళ్లినవాళ్ల భార్యలకి హెచ్-4 ఇస్తారు. వాళ్లలో కొందరికి 2015 నుంచి ఉద్యోగానికి వీలు కల్పించారు గాని, అందరికీ కాదు. అందుకే రాజీనామా రాయకముందే ఈ సంగతులు ఆరా తియ్యాలి. సెలవు దొరికే వీలుంటే రాజీనామా అసలే వద్దు. నేను తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఇంకొకరున్నారు.

అక్కడి మెమోరియల్ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు చదువుతూ నేను మొదటి కథ రాసిన మాట వాస్తవమే. "చూశావా, అంతా మన మంచికే" అంటారు మావారు. కథ లెక్క వేరు, ఉద్యోగం లెక్క వేరు. లెక్కల టీచర్ని, నాకు తెలుసు.

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. వాళ్లాయనకి అక్కడ ఏదో యూనివర్సిటీలో ఏడాది పనట, తను రాజీనామా రాస్తోందట.

"వీసా మెయిల్ చదివావా?"

"ఆయనకొచ్చింది పిన్నీ."

"నీకు పంపమను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకు, నేను లైన్లోనే ఉంటాను."