నీటిని నిషేధించకండి, నేర్పించండి



ఈసారి మందుల గురించి కాదు, ఒక పడవ పందెం గురించి రాస్తున్నాను. చివరి వరకు చదివితే ఇది కూడా ఆరోగ్య విషయమేనని మీరు అంగీకరిస్తారని నా నమ్మకం.

1796 డిసెంబరులో ఐర్లండులోని బాంట్రీ అఖాతానికి ఒక ఫ్రెంచి నౌకాదళం చేరింది. ఆంగ్లేయుల పాలనపై తిరుగుబాటుకు సిద్ధమైన ఐరిష్ దేశభక్తులకు తోడ్పడాలన్నది దాని సంకల్పం. తుపాను గాలులు ఆ సంకల్పాన్ని చెదరగొట్టాయి. ఓడలు వెనుదిరిగాయి, ఒక యుద్ధనౌకకు చెందిన పొడవాటి పడవ మాత్రం ఐర్లండులోనే మిగిలిపోయింది. కాలాన్ని తట్టుకొని నిలిచిన ఆ పడవ నేడు ఐర్లండు జాతీయ మ్యూజియంలో ఉంది. దాని కొలతలతోనే కొత్త పడవలు కట్టి, వివిధ దేశాల యువతీయువకులు పోటీపడే ‘అట్లాంటిక్ ఛాలెంజ్’ 1986లో న్యూయార్కులో ఆరంభమైంది. తొలి పోటీ ఫ్రెంచి, అమెరికా జట్ల మధ్య జరిగింది. ఆ తరువాత ఎన్నో దేశాల జట్లు వచ్చి చేరాయి.

ఆ పడవ పొడవు 38 అడుగులు. పది తెడ్లు, మూడు తెరచాప కొయ్యలు, పదమూడు మంది సిబ్బంది. ఇంజను లేదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే భుజబలం. ఇందులో వేగం ఒక్కటే గెలుపును నిర్ణయించదు. తెడ్లు వేయడం, తెరచాప నడపడం, మోకులకు ముడులు వేయడం, రేవుకు పడవను ఒరుసుకోకుండా చేర్చడం, దిక్కు తెలుసుకొని ప్రయాణించడం, నీటిలో పడిన మనిషిని తిరిగి పడవలోకి చేర్చడం వంటి అనేక అంశాలలో పరీక్ష ఉంటుంది. వైద్యునిగా నన్ను ఆకర్షించింది ఆ చివరి అంశమే. తోటివాణ్ణి రక్షించడం కూడా ఒక పోటీ అంశంగా గల ఆటలు లోకంలో ఎన్ని ఉన్నాయి?

ముందుగా శరీరం సంగతి చూద్దాం. ఒలింపిక్ పడవలలో ఆసనం ముందుకూ వెనుకకూ జారుతుంది కాబట్టి శ్రమలో అధిక భాగం కాళ్ళు మోస్తాయి. ఈ పాతకాలపు పడవలో కూర్చునే బల్ల కదలదు. అందువల్ల నడుము, వీపు, భుజాలు, చేతుల మీద భారం ఎక్కువ. గుండెకూ ఊపిరితిత్తులకూ ఇది గొప్ప వ్యాయామం. అయితే వంగవలసింది తుంటి దగ్గర. వెన్నును విల్లులా వంచి లాగితే నడుము నొప్పి తప్పదు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఎండలో దాహం వేసేవరకు ఆగితే అప్పటికే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. ఇవన్నీ తగిన శిక్షణతో అదుపులో ఉంచుకోదగినవే.

మనసు సంగతి మరింత విలువైనది. పదిమందిలో ఒక్కరి తెడ్డు లయ తప్పినా అది పక్కవాని తెడ్డుకు తగులుతుంది, పడవ వేగం పడిపోతుంది. అక్కడ ఒంటరి వీరుడికి చోటు లేదు. చుక్కాని పట్టిన సరంగు ఆజ్ఞను పన్నెండుమంది ఒకేసారి వినాలి, ఒకేసారి చేయాలి. గంటల తరబడి చేతిలోని తెరకు అతుక్కుపోతున్న మన పిల్లలకు ఇంతకంటె మంచి చికిత్స నాకు తోచదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. 5 నుండి 14 ఏళ్ళ పిల్లల మరణాలకు ఇది మూడవ ప్రధాన కారణమని ఆ సంస్థ చెబుతోంది. సర్వీసులో ఉన్న కాలంలో వేసవి సెలవులు వచ్చాయంటే నాకు గుండె దడగా ఉండేది. చెరువులోనో కాలువలోనో మునిగిన పిల్లవాణ్ణి ఎత్తుకొని తల్లిదండ్రులు పరుగున వచ్చేవారు. దారి పొడవునా ఎవరో ఒకరు తలకిందులుగా వేలాడదీసి, పొట్ట నొక్కి, నీళ్ళు కక్కించే ప్రయత్నం చేసి ఉండేవారు. వారి ప్రేమలో లోపం లేదు. వారికి నేర్పినవారు లేరు. మునిగినవానికి మొదట కావలసింది ఊపిరి. పొట్టలోని నీటిని కక్కించబోతే అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది, విలువైన నిమిషాలూ పోతాయి. శ్వాస లేకపోతే వెంటనే నోటితో ఊపిరి అందించి, ఛాతీపై నొక్కుతూ, ఆ చర్యను ఆపకుండానే మరొకరి చేత 108కి ఫోన్ చేయించాలి.

మన ఇళ్ళలో నీటి భద్రత గురించి చెప్పే పాఠం ఒక్కటే: “నీళ్ళ దగ్గరకు వెళ్ళకు.” నేనూ అదే చెప్పాను. మా అబ్బాయిని కాలువ గట్టు తొక్కనివ్వలేదు. నేడు అతనికి నలభై ఏళ్ళు దాటాయి, ఈత రాదు. అతని పిల్లలకు నీళ్ళంటే భయం. ఇది నా పెంపకంలోని లోపమని ఒప్పుకోవడానికి నేను సంకోచించను. నిషేధం పిల్లవాడు మన కళ్ళెదుట ఉన్నంతవరకే పనిచేస్తుంది. పదహారేళ్ళ కుర్రవాడు స్నేహితులతో విహారానికి వెళ్ళిన నాడు అతనికి తోడుగా ఉండేది నేర్చుకున్న విద్యే కాని, మన హెచ్చరిక కాదు.

“డాక్టరుగారూ, పడవ పోటీలు ప్రమాదం కాదా?” అని మీరు అడుగుతారు. ప్రమాదమే. చల్లని సముద్రంలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషంలో మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే ఈతగాడైనా మునుగుతాడు. అందుకే లైఫ్ జాకెట్ కావాలి. కానీ ప్రమాదం అందరికీ తెలిసి, దానికి ముందే అభ్యాసం చేసి, రక్షక పడవను పక్కన ఉంచుకొని దిగడం వేరు. ఎవరికీ చెప్పకుండా, లోతు తెలియని క్వారీ గుంటలో దూకడం వేరు. మొదటిది శిక్షణ, రెండవది జూదం.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పర్యాటక బోటు ప్రమాదాన్ని తెలుగువారు మరచిపోలేరు. ప్రాణాలతో బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్లు ధరించినవారే. ఉక్కగా ఉందని జాకెట్ విప్పే అలవాటు మనలో ఎంతమందికి లేదు? పడవ ఎక్కిన ప్రతిసారీ దాన్ని ధరించిన అలవాటు చిన్ననాటి నుండి ఉంటే, విప్పాలన్న ఆలోచనే రాదు.

మనకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది, గోదావరి, కృష్ణ ఉన్నాయి, ఊరూరా చెరువులున్నాయి. విశాఖలో, కాకినాడలో ఎన్.సి.సి. నౌకా విభాగపు క్యాడెట్లు తెడ్ల పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి. అంటే ఇది మనకు చేతకాని విద్య కాదు; కొద్దిమందికే అందుతున్న విద్య. దీన్ని నదీతీరంలోని సామాన్య పాఠశాలల వరకు తీసుకురావాలన్నదే నా వాదం. బాంట్రీ పడవల వంటి ఖరీదైన పడవలు అక్కరలేదు. మన జాలరుల నాటుపడవలే చాలు. ఆ జాలరులే గురువులు కావాలి. నీటి గురించి వారికి తెలిసినంత మన పాఠ్యపుస్తకాలకు తెలియదు.

అయితే కొన్ని షరతులు తప్పనిసరి. ముందు ఈత, తరువాతే పడవ. జాకెట్ లేనివారు రేవు దాటకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలకు వైద్య పరీక్ష జరగాలి. మూర్ఛ ఉన్నవారు ఏ పరిస్థితిలోనూ ఒంటరిగా నీటిలో దిగరాదు. మునుగుతున్నవాని కోసం తొందరపడి దూకకుండా కర్రో, తాడో, ఖాళీ డబ్బానో అందించడం ప్రతి పిల్లవానికీ తెలియాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళ దుఃఖాన్ని నేను దగ్గరగా చూశాను.

వచ్చే వేసవి సెలవులలో మీ పిల్లలకు కొత్త ఫోను కొనే ముందు, దగ్గరలో ఈత నేర్పేవారు ఎవరున్నారో విచారించండి. నా మనవలను నేను ఈ నెలలోనే చేర్పించాను. మొదటి రోజు మనవరాలు గట్టు వదలలేదు. నాలుగవ రోజు నీటిలో ముఖం పెట్టింది. వాళ్ళ నాన్న కూడా పక్కనే, నడుము లోతు నీటిలో, అదే పాఠం నేర్చుకుంటున్నాడు.