ఎక్కుతూ దిగుతూ బందరు దాకా

విశాఖలో 2025 ఆగస్టు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జెండా ఊపిన డబుల్ డెక్కర్ బస్సులు ఆర్‌కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా సముద్రం పక్కనే 16 కిలోమీటర్లు నడుస్తాయి. 500 రూపాయల టికెట్‌లో సగం ప్రభుత్వం భరిస్తుందన్నారు. 250 పెట్టి కొంటే 24 గంటలపాటు నచ్చిన చోట దిగొచ్చు, వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చు. అది చూశాక బెజవాడకూ ఒకటి కావాలనిపించడం సహజం. వస్తే ఏ దారిన పోతుందో ఇప్పుడే చెప్పెయ్యొచ్చు: దుర్గగుడి, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం రేవు, స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, మళ్లీ బస్టాండు. ఊళ్లోనే అలా చుట్టించే కంటే పటమట మీదుగా తిన్నగా బందరుకు పంపడం మేలు.

ఈ తరహా బస్సు బాగా అచ్చొచ్చింది మధ్యధరా సముద్రపు రేవు పట్నాలకే. బార్సెలోనా నగర రవాణా సంస్థ 1987లోనే టూరిస్టు బస్సు మొదలుపెట్టింది. 1999లో అదే స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టిన ‘సిటీ సైట్‌సీయింగ్’ ఎర్ర బస్సులు ఆ తర్వాత దేశదేశాలకూ పాకాయి. పొద్దున నౌక దిగిన మనిషి సాయంత్రానికి మళ్లీ నౌకెక్కాలి. భాష రాదు, ఊరు తెలియదు. మార్సెయ్‌లో అయితే కొండ మీది నోత్రదామ్ ద ల గార్ద్ చర్చికి నడిచి ఎక్కే ఓపికా ఉండదు. బస్సు తీసుకెళ్లి దించుతుంది, చెవిలో ఊరి కథ చెబుతుంది, ఇక్కడ ఓ గంట ఎక్కువ గడిపినా తర్వాతి బస్సు ఎలాగూ ఉంటుంది. గుట్టంతా ఆ చివరి మాటలోనే ఉంది. మేడ మీద సీటు ఫొటోలకు బాగుంటుంది గానీ, రోళ్లు పగిలే మన ఎండలో పైకప్పు లేని బస్సెక్కినవాడు అప్పడమై దిగుతాడు.

ఆర్టీసీ బస్సులున్నాయి కదా, మళ్లీ ఇదెందుకు అనొచ్చు. నిజమే, బెజవాడ, బందరు మధ్య అవి పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ కూడా లేదు. మంచి పని. ఉయ్యూరు నుంచి రోజూ పనికొచ్చే ఆవిడకు ఆ సీటు చాలా విలువైనది. ఆ బస్సుల్లోకే కెమెరాలతో యాత్రికులు ఎక్కితే ఏమవుతుందో బార్సెలోనా రుచి చూసింది. పార్క్ గుయెల్ వైపు వెళ్లే 116 నంబరు చిన్న బస్సు పర్యాటకులతో కిక్కిరిసి, ఆ పేటలో ఉండే పెద్దవాళ్లకే చోటు లేకుండా పోయింది. చివరికి 2024లో నగరపాలకులు ఆ రూటును గూగుల్ మ్యాప్స్‌లోంచే తీయించారు. అంతకుముందు 2017లో ముసుగులేసుకున్న కొందరు టూరిస్టు బస్సునే ఆపి, టైరు కోసి, అద్దం మీద నిరసన రాతలు రాశారు. చూడవచ్చే వాళ్ల బస్సు వేరుగా ఉంటేనే ఊరివాళ్లకు సుఖం.

ఇక దారి. పటమట, ఆటోనగర్, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. అక్కడ హైవే వదిలి చల్లపల్లి వైపు తిరిగితే సిద్ధేంద్రయోగి పేరిట కళాపీఠమున్న కూచిపూడి, ఆ పక్కనే క్షేత్రయ్య మొవ్వ. ఇంకాస్త పోయి పక్కకు మళ్లితే ఘంటసాల. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన ‘కంటకొస్సిల’ ఇదేనని చరిత్రకారుల మాట. ఇక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది, రోమన్ నాణేలు దొరికాయి, పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ‘మసలియా’లో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని మొదటి శతాబ్దంలోనే ఈజిప్టు నుంచి వర్తకం చేసే ఓ గ్రీకు వ్యాపారి రాసుకున్నాడు. ఆ మసలియా ఈ బందరు తీరమే. మధ్యధరా వాళ్ల సొమ్ము ఒకప్పుడు ఇక్కడికొచ్చి బట్ట కొనుక్కుపోయిందన్నమాట!

బందరు దాటి పెడన వెళ్తే ఆ బట్ట పని ఇంకా కనబడుతుంది. గంజి పోగొట్టిన నూలుబట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ఎండబెడతారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నలుపు తయారవుతుంది. ఎరుపు సంగతి ఇంకా తమాషా. చెక్క అచ్చును పటిక ద్రావణంలో అద్ది బట్ట మీద వేసినప్పుడు అక్కడ ఎరుపు జాడే ఉండదు. ఆ బట్టను పారే నీళ్లలో జాడించి, రంగు కాగులో ఉడికించాక, పటిక పడిన మేరే పువ్వులూ లతలూ ఎర్రగా లేచి వస్తాయి. పది నిమిషాలు ఆగి హారన్ కొట్టే ప్యాకేజీ టూరులో ఇది చూడ్డం కుదిరే పని కాదు. దిగినవాడు గంట కూర్చోవాలి.

బందరులో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో కోఠీలు పెట్టారు. గోల్కొండ సుల్తానులకు ఇదే పెద్దరేవు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30 వేల ప్రాణాలు తీసింది, ఊరు మళ్లీ ఆ దశకు రాలేదు. ఇప్పుడు చూడ్డానికి బందరుకోట, డచ్చి సమాధులు, చిలకలపూడి పాండురంగడు, మంగినపూడి బీచి ఉన్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఈ ఊళ్లోనే. తొక్కుడు లడ్డు గురించి వేరే చెప్పాలా, దానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఖర్చు తక్కువేం కాదు. పోనూ రానూ, పక్క ఊళ్లతో కలిపి, చుట్టు 150 కిలోమీటర్లు దాటుతుంది. గంటకో బస్సు రావాలంటే ఆరేడు మినీ బస్సులన్నా ఉండాలి. రెంటితో సరిపెడితే ఘంటసాలలో దిగినవాడు పూటంతా చెట్టు కింద కూర్చుని, మళ్లీ జన్మలో రాడు. బాడీలు కట్టించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, పటమటను ఆనుకునే ఆటోనగర్ ఉంది. రోజూ నడపాల్సిన పనీ లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు నడిపి చూస్తే ఆదరణ ఎంతో తేలిపోతుంది. పురావస్తు శాఖ మ్యూజియాలకు సెలవు శుక్రవారం కాబట్టి ఆ చిక్కూ ఉండదు. బస్సులకు రంగులేయించే ముందు మాత్రం ప్రతి మజిలీలో నీడ, తాగునీరు, ఆడవాళ్లు వెనకాడకుండా వెళ్లగలిగే మరుగుదొడ్డి ఉన్నాయో లేదో అధికారులే ఒకసారి ఆ దారంతా తిరిగి చూసుకోవాలి.